ఒక్క తలాంతును పాతిపెట్టేశానా అని అడిగిన తమ్ముడికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ఇది. మీకు 36 ఏళ్లు. మధురవాడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. పెందుర్తి వైపు ఫ్లాట్ కొన్నారు, నెలకు 32 వేలు ఈఎంఐ. అమ్మగారు మోకాళ్ల నొప్పులతో మీ దగ్గరే ఉంటున్నారు. బెంగళూరు నుంచి 60 శాతం ఎక్కువ జీతంతో ఆఫర్ వచ్చింది, పదిహేను రోజుల్లో చెప్పమన్నారు. మీతో చదువుకున్నవాళ్లు డాలస్‌లో ఇళ్లు కొన్నారు. ఆదివారం సంఘంలో (చర్చిలో) ఎవరో ఒకరు కొత్త కారు తాళాలు ప్రార్థనకు తెచ్చి సాక్ష్యం చెప్తుంటే మీకు లోపల ముల్లు గుచ్చుకున్నట్టుంటోంది. వైజాగ్‌లోనే ఉండిపోతే దేవుడిచ్చిన తలాంతును మట్టిలో పాతిపెట్టినట్టేనా? లోను తీరేదాకా దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు సంఘానికి ఇవ్వడం, ఆపొచ్చా? అసలు దేవుడి లెక్కలో సక్సెస్ అంటే ఏమిటో సూటిగా చెప్పండి అన్నారు.

సూటిగానే చెప్తాను. మీ చేతికి వచ్చింది ఎవరిదో మర్చిపోకుండా, ఎవరికి చేరాలో వాళ్లకు చేర్చి, అడిగిన రోజున లెక్క చూపించగలిగితే మీరు నెగ్గినట్టే. వచ్చింది ఎంత అన్నదాన్ని బట్టి మార్కులు వెయ్యరు. వైజాగ్‌లో ఉండిపోతే పాతిపెట్టినట్టూ కాదు, బెంగళూరు వెళ్తే ఆశీర్వాదం దొరికినట్టూ కాదు. రెండుచోట్లా నమ్మకంగా బతకొచ్చు, రెండుచోట్లా చెడగొట్టుకోవచ్చు. దశమభాగం విషయానికొస్తే, ఆపినంత మాత్రాన దేవుడు మీ ఇంటి మీదకు అప్పులవాళ్లను తోలడు. అలాగని పూర్తిగా మానెయ్యమని మాత్రం చెప్పను. ఎందుకో కింద రాస్తాను.

నేను పాస్టరును కాను. బైబిలు కాలేజీ గేటు కూడా దాటలేదు (ఒక బైబిలు కాలేజీకి గేటు చేసిచ్చాను, అంతే). గాజువాక ఆటోనగర్‌లో 27 ఏళ్లుగా చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు నడుపుతున్నాను. గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లకు ట్రస్సులు, అప్పుడప్పుడు పెద్ద కంపెనీల సబ్ కాంట్రాక్టులు. మా సంఘంలో 19 ఏళ్లు ట్రెజరర్‌గా చేసి పోయిన ఏడాదే పుస్తకాలు అప్పజెప్పాను. నాకు తెలిసిందల్లా ఇనుమూ, లెక్కలూ. ఈ జవాబు కూడా అక్కణ్నుంచే.

ముందు ఆ తలాంతు సంగతి తేలుద్దాం, ఎందుకంటే మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది.

మనవాళ్లకు తలాంతు అంటే పాట పాడటం, కీబోర్డు వాయించడం. సండేస్కూల్లో తలాంతుల పోటీలు పెట్టి గ్లాసులూ గిన్నెలూ బహుమతులిస్తాం. మత్తయి 25వ అధ్యాయంలో తలాంతు అంటే డబ్బు. యేసు చెప్పిన కథ అది: ఊరెళ్తూ ఒక యజమాని ముగ్గురు దాసులకు అయిదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పజెప్పాడు. మొదటి ఇద్దరూ రెట్టింపు చేశారు, మూడోవాడు మట్టిలో పాతిపెట్టాడు. పైగా ఎవరి సామర్థ్యాన్ని బట్టి వాళ్లకు ఇచ్చాడని రాసి ఉంది. అంటే సామర్థ్యం వేరు, తలాంతు వేరు. ఒక తలాంతు దాదాపు 6,000 దేనారాలు, దేనారం అంటే ఒక కూలివాడి రోజు కూలి. వారానికి ఆరు రోజులు పనిచేసేవాడికి అది దాదాపు 20 ఏళ్ల సంపాదన. మా షాపులో వెల్డర్‌కు రోజుకు 900 ఇస్తున్నాను. ఆ లెక్కన ఒక్క తలాంతు 54 లక్షలు! "పాపం, ఒక్కటే ఇచ్చాడు" అని మనం జాలిపడే మూడోవాడి చేతిలో యజమాని పెట్టి వెళ్లింది అంత సొమ్ము. కాబట్టి డాలస్ వాళ్లకు అయిదు, నాకు ఒకటి అనుకున్నా సరే, ఆ ఒకటి చిన్నది కాదు.

ఇంకోటి చూడండి. రెండు ఎంట్రీలను పక్కపక్కన పెట్టి చూడటం నాకు అలవాటు. 21వ వచనం, 23వ వచనం పక్కపక్కన పెట్టండి. అయిదును పది చేసినవాడితో అన్న మాట, రెండును నాలుగు చేసినవాడితో అన్న మాట అక్షరం తేడా లేకుండా ఒకటే. "భళా, నమ్మకమైన మంచి దాసుడా." పదివాడికి ఒక శాలువా ఎక్కువ కప్పలేదు. నాలుగువాడిని పక్కవాణ్ని చూసి నేర్చుకోమనలేదు. మన సంఘాల్లో మాత్రం పదివాడికి ముందు వరసలో కుర్చీ వేస్తాం.

మూడోవాడు దొంగతనం చెయ్యలేదు. ఇచ్చింది ఇచ్చినట్టు తెచ్చిచ్చాడు. ఆడిటర్ వస్తే ఒక్క పైసా తేడా పట్టుకోలేడు. మరి అతని తప్పేమిటి? అతని నోటితోనే చెప్పాడు: నువ్వు కఠినుడివని నాకు తెలుసు, అందుకే భయపడి దాచాను అని. కనీసం సాహుకారుల దగ్గర వేస్తే వడ్డీ వచ్చేది కదా అంటాడు యజమాని. అతని మీద లాభం తేలేదన్న కోపం కంటే, "నన్ను ఇలాంటివాణ్నని అనుకున్నావా" అన్న బాధే నాకు ఎక్కువ వినిపిస్తుంది. మీరు దేవుడు తిడతాడేమోనని బెంగళూరు వెళ్లినా, దేవుడు తిడతాడేమోనని వైజాగ్‌లో ఉండిపోయినా, చేసేది మూడోవాడి పనే. ఆ భయం ముందు వదలాలి. ఊరి సంగతి ఆ తర్వాత.

ఇక మన తెలుగు బైబిల్లో గృహనిర్వాహకుడు అనే మాట ఉంది. చాలామంది దాన్ని చదివి దాటిపోతారు. నాకైతే ఆ మాట వినగానే పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ కొట్లలో గుమస్తా గుర్తొస్తాడు. పొద్దున్నుంచి లక్షలు అతని చేతుల మీదుగా పోతాయి. రాత్రికి గల్లా అప్పజెప్పి, తాళాలు ఇచ్చేసి, సిటీ బస్సెక్కి ఇంటికెళ్తాడు. గల్లాలో అంత డబ్బుందని అతణ్ని ఎవరూ కోటీశ్వరుడు అనరు. గల్లా తగ్గితే మాత్రం వదలరు. గృహనిర్వాహకుల్లో చూసేది నమ్మకమొక్కటే అని పౌలు 1 కొరింథీ 4లో రాసింది ఇదే. కొత్త కారు తాళాలు చూపించి సాక్ష్యం చెప్పేవాళ్లను చూస్తే, గుమస్తా గల్లాపెట్టె ఎత్తుకొచ్చి "చూడండి, నాకెంతుందో" అన్నట్టు అనిపిస్తుంది నాకు. కారు కొనడం తప్పని కాదు. నాకూ ఒకటుంది, సెకండ్ హ్యాండ్.

ఇదంతా నేను పుట్టుకతో తెలుసుకుని పుట్టలేదు. బాగా తన్నులు తిన్నాక తెలిసింది. అది కూడా చెప్పాలి, లేకపోతే నీతులు చెప్తున్నట్టుంటుంది.

2011లో మా సంఘం హాలు పెంచుతున్నారు. కమిటీలో అందరి ముందూ లేచి లక్ష రూపాయలు ఇస్తానని మాటిచ్చాను. ట్రెజరర్‌ను కదా, తక్కువ చెప్తే బాగుండదనుకున్నాను. అదే సమయంలో ఒక పార్టీ నా బిల్లు నాలుగు నెలలుగా ఆపేసింది. శనివారం బట్వాడా, అంటే పనివాళ్ల వారం కూలి, రెండు వారాలు సగమే ఇచ్చాను. మూడో శనివారం సాయంత్రం, కరెంటు పోయి గ్రైండింగ్ మెషిన్లు ఆగిపోయి ఉన్నాయి. మా ఫిట్టర్ వాళ్ల ఆవిడ చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. వాళ్లది శ్రీకాకుళం వైపు. లోపలికి రాలేదు. ఐరన్ స్క్రాప్ పోగు పక్కన నిలబడి "సార్, బియ్యం కొట్టాయన ఇంక అరువియ్యనంటన్నాడు, ఎంతో కొంత సూడండి" అంది. అప్పటికి నా చొక్కా జేబులో తెల్ల కవరుంది. దాంట్లో 25 వేలు, సంఘానికి కట్టాల్సిన ఆఖరి వాయిదా. నేను ప్యాంటు జేబులోంచి అయిదు వందలు తీసిచ్చాను. చొక్కా జేబు ముట్టుకోలేదు.

మర్నాడు ప్రతిష్ఠ. శిలాఫలకం మీద తెర తీశారు. మూడో వరసలో నా పేరు, బంగారు రంగు అక్షరాల్లో. షాపులో పనివాళ్లందర్నీ భోజనానికి పిలిచాను. మా ఫిట్టర్ పంక్తిలో కూర్చుని తిని, చెయ్యి కడుక్కుని వచ్చి "బాగుంది సార్" అన్నాడు. భోజనం గురించో, ఫలకం గురించో నాకు తెలీదు. అడగలేదు.

ఆ వారంలోనే ఎవరో వాక్యం చెప్తూ యాకోబు పత్రిక అయిదో అధ్యాయం చదివారు. పనివాళ్లకు ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతోందని ఉంటుంది అక్కడ. పనివాడు మొఱ్ఱపెట్టాడని కాదు, కూలే మొఱ్ఱపెడుతోందని. ఇంటికెళ్లి మా ఆవిడకు మొత్తం చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా మెడలో గొలుసు తీసి బల్ల మీద పెట్టింది. దాన్ని కుదువపెట్టి సోమవారం మధ్యాహ్నానికి బట్వాడా మొత్తం తీర్చాను. గొలుసు విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఫలకం ఇప్పటికీ అక్కడే ఉంది. సంఘానికి రంగులేసిన ప్రతిసారీ అక్షరాల మీద పడకుండా చూడమని పెయింటర్‌కు చెప్పేది నేనే, ఏం చెప్పమంటారు.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక వరస ఉంది. ముందు బట్వాడా, తర్వాత చేబదులు, తర్వాత ఇల్లు, ఆ తర్వాత కానుక. చాలామంది విశ్వాసులు ఇది వింటే ముఖం చిట్లిస్తారు, ప్రథమ ఫలం దేవుడిది కాదా అంటారు. కూలివాడి డబ్బు నా ఫలమే కాదు, అది అతనిది. వేరేవాడి సొమ్ము తీసి దేవుడికి ఇచ్చి నా పేరున రసీదు రాయించుకోవడమేమిటి?

మీకు పనివాళ్లు లేరు. మీ బట్వాడా అంటే బ్యాంకు ఈఎంఐ, అమ్మగారి మందులు, ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకుని ఉంటే అది. మార్కు 7లో కొర్బాను గురించి చదవండి. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది "దేవుడికి అర్పించేశాను" అని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసు గట్టిగా కడిగేశాడు. తనవాళ్లను చూసుకోనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని తిమోతికి రాసిన మొదటి పత్రికలోనూ ఉంది. మా బంధువుల్లోనే ఒకతను ఉద్యోగం వదిలేసి పూర్తికాలం సేవ అన్నాడు. పిల్లల ఫీజులు బావమరిది కట్టాడు, ఇంటద్దె మామగారు కట్టారు. ఇతను మాత్రం విశ్వాసంతో బతుకుతున్నానని చెప్పుకునేవాడు. విశ్వాసం ఎవరిదో మాకందరికీ తెలుసు.

దశమభాగం గురించి నా అభిప్రాయం, అందరూ ఒప్పుకోరు. ధర్మశాస్త్రంలో అది ఇశ్రాయేలీయులకు పెట్టిన ఏర్పాటు. భూమి వాటా లేకుండా గుడి సేవ చేసే లేవీయుల కోసం. ద్వితీయోపదేశకాండం 14లో అయితే ఆ పదో వంతును కుటుంబంతో కలిసి పండుగలో తినమంటాడు. మూడేళ్లకోసారి పరదేశులకు, తండ్రి లేనివాళ్లకు, విధవరాళ్లకు ఊళ్లోనే పెట్టమంటాడు. దీన్ని ఇన్‌కమ్ ట్యాక్స్‌లా, కట్టకపోతే పెనాల్టీ పడేదానిలా చెప్పేవాళ్లు, పదో వంతు ఇవ్వకపోతే దేవుణ్ని దోచుకున్నట్టే అనే మలాకీ 3 ఒక్కటే చదివి ఆపేస్తారు. కొత్త నిబంధనలో పౌలు లెక్క వేరు. సణుక్కోకుండా, బలవంతం లేకుండా, హృదయంలో నిశ్చయించుకున్నంత ఇవ్వమన్నాడు. నిశ్చయించుకోవడం అంటే ముందే కూర్చుని లెక్క వేసుకోవడం. ఆదివారం కానుకల సంచి వచ్చాక జేబు తడుముకోవడం కాదు.

కాబట్టి మీరు ఈఎంఐ నడిచినన్నాళ్లు పది శాతం ఇవ్వలేకపోతే మూడు ఇవ్వండి, రెండివ్వండి. సున్నా మాత్రం చెయ్యొద్దు. దేవుడికి కోపమొస్తుందని కాదు. చెయ్యి ఒకసారి ముడుచుకుంటే మళ్లీ తెరవడం కష్టం, లోను తీరాక కూడా. మా ఆవిడ పెళ్లయిన కొత్తల్నుంచీ రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది. నెలాఖరుకు ఆ బియ్యం సంఘానికి వెళ్తాయి, అక్కణ్నుంచి లేనివాళ్లకు. గొలుసు కుదువలో ఉన్న పద్నాలుగు నెలలూ ఆ డబ్బా ఆగలేదు. నేను లక్ష ఇచ్చి ఫలకమెక్కాను కానీ, మా ఇంట్లో ఇవ్వడం తెలిసిన మనిషి ఆవిడే.

ట్రెజరర్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. సంఘాలు అడిగే తీరు అన్నిసార్లూ సరిగ్గా ఉండదు. ఒకసారి బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడొకాయన కానుక అనే విత్తనం వేస్తే వందరెట్లు తిరిగొస్తుందని ఊదరగొట్టాడు. ఆ రోజు లెక్కపెడుతుంటే సంచిలో అయిదు వేలు మడతపెట్టి ఒక చీటీ మీద పేరుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎండుచేపలమ్ముకునే ఒక ముసలమ్మది. కనుక్కుంటే అది డ్వాక్రా లోను డబ్బు. తిరిగి ఇచ్చేద్దామన్నాను. కమిటీలో పెద్ద గొడవ, దేవుడి పళ్లెంలో పడ్డది వెనక్కి తీస్తారా అని. మార్కు 12వ అధ్యాయం చదివి వినిపించాను. విధవరాలు రెండు కాసులు వేసిన కథ అందరికీ నోటికొచ్చు. దానికి సరిగ్గా ముందు, విధవరాళ్ల ఇళ్లను దిగమింగే శాస్త్రులను యేసు తిట్టిన మాట ఉంది. ఆ రెండూ కలిపి చదవాలి. ఆమె గొప్పది, నిజమే. ఆమె దగ్గరున్నదంతా లాగేసుకున్న ఏర్పాటు గొప్పదని అక్కడ ఎక్కడా లేదు. చివరికి డబ్బు వెనక్కిచ్చాం. ఆమె ఏడ్చింది, నా కానుక దేవుడికి వద్దా అని. దానికి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. మరుసటి ఆదివారం యాభై రూపాయలు వేసిందని సంచి లెక్కపెట్టినతను చెప్పాడు.

మీరు ఇచ్చే సంఘం లెక్కలు చూపిస్తుందా అని అడగడం మీ హక్కు. కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి, ఏడాదికోసారి అందరి ముందూ చదవాలి. పౌలు అంతటివాడే యెరూషలేముకు చందా పంపేటప్పుడు ఒక్కడే తీసుకెళ్లలేదు, ఎవరూ తప్పుపట్టకుండా తీతుతో పాటు ఇంకొందరిని పంపాడు. అడిగితే విశ్వాసం లేదంటారా? అననివ్వండి.

"వైజాగ్‌లో ఉండిపోతే ఏం సాధించినట్టు" అని రాశారు. ఆ మాట చదవగానే నాకు ఇద్దరు గుర్తొచ్చారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజ్ మన విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే క్రైస్తవుడి సాయంతో సువార్తల తర్జుమా మొదలుపెట్టారు. 1809లో క్రాన్ చనిపోయాడు. మరుసటి ఏడాది డె గ్రాంజ్ కూడా పోయాడు. ఆ సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చు పుస్తకాన్ని ఇద్దరిలో ఒక్కరూ కళ్లతో చూడలేదు. వచ్చి అయిదేళ్లు, చేతిలో ఫలితం సున్నా, ఈ గడ్డ మీదే మట్టిలో కలిసిపోయారు. ఇవాళ్టి అప్రైజల్ ఫారంలో వాళ్లకు ఏ రేటింగ్ వస్తుందో మీకే బాగా తెలుసు.

స్టీల్ ప్లాంట్ సంగతి తీసుకోండి. మా తరానికి గాజువాకలో సక్సెస్ అంటే ప్లాంటు ఉద్యోగం, ఉక్కునగరంలో క్వార్టర్. పెళ్లి సంబంధాలు ఆ ఐడీ కార్డు చూసి కుదిరేవి. 2021 జనవరిలో కేంద్రం ప్లాంటును అమ్మేందుకు సూత్రప్రాయంగా ఒప్పుకుందన్న వార్త వచ్చిన వారం, నా ఫ్రెండ్ ఒకాయన షాపుకొచ్చి రెండు గంటలు స్టూలు మీద కూర్చున్నాడు. ఉద్యోగం పోలేదు, జీతం వచ్చింది. అయినా "నేనెవర్నిరా ఇప్పుడు" అన్నాడు. నేను టీ తెప్పించాను, అంతకంటే ఏం చెయ్యగలను. మీ ఆఫర్ లెటర్‌కు కూడా అంత బరువు పెట్టకండి.

అలాగని జీతం పెంపు వద్దనుకోవడమే భక్తి అని నేను అనను. నమ్మకంగా ఉండు, తృప్తిగా ఉండు అనే మాటలను జీతం ఎగ్గొట్టేవాళ్లు బాగా వాడుకుంటారు. నేనూ ఓనర్నే కాబట్టి ఆ ట్రిక్కు నాకు తెలుసు. మీ పనికి తగ్గ జీతం అడగడం తప్పు కాదు. దాన్ని పట్టుకుని ఏం చేస్తారన్నదే ప్రశ్న. 18వ శతాబ్దపు ఇంగ్లండు ప్రసంగీకుడు జాన్ వెస్లీ ప్రసంగంలో ఒక లెక్క ఉంది. ఒకతనికి ఏడాదికి 30 పౌండ్లు వచ్చినప్పుడు 28తో బతికి 2 ఇచ్చాడు. మరుసటి ఏడాది 60 వచ్చాయి, అదే 28తో బతికి 32 ఇచ్చాడు. తర్వాత 90, ఆపై 120. ఖర్చు మాత్రం 28 దగ్గరే. ఆ "ఒకతను" వెస్లీయేనని చెప్తారు. ఆయనలా మనం చెయ్యలేం, ఆయనకు ఈఎంఐ లేదు, పిల్లల స్కూలు ఫీజులు లేవు. ఒక్కటి మాత్రం చెయ్యొచ్చు. పెరిగే జీతం అకౌంట్లో పడకముందే అది ఎటు వెళ్లాలో రాసిపెట్టుకోవచ్చు. పడ్డాక రాస్తే అప్పటికే సగం ఎటో వెళ్లిపోయి ఉంటుంది.

హుద్‌హుద్ తుపాను అప్పుడు నాకు ఈ పరీక్ష వచ్చింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆరాధన లేదు, ఊరంతా చెట్లు పడిపోయాయి. మా షెడ్డు రేకులు సగం పక్క వీధిలో దొరికాయి. వారం తిరిగేసరికి గాజువాకలో వెల్డర్ దొరకడమే గగనం. అందరి గేట్లూ వంగిపోయాయి, అందరి షెడ్లూ లేచిపోయాయి. ఎంత అడిగితే అంత ఇచ్చే రోజులవి. ఇళ్లవాళ్ల దగ్గర పాత రేటే తీసుకున్నాను, కంపెనీ గోడౌన్ల దగ్గర ఒకటిన్నర రెట్లు. అదనంగా వచ్చిన దాంట్లో పనివాళ్లకు డబుల్ ఓటీ ఇచ్చాను, నేనూ కొంత మిగుల్చుకున్నాను. గోడౌన్ల దగ్గర ఎక్కువ తీసుకోవడం న్యాయమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. మా అబ్బాయి అది మార్కెట్ రేటు అంటాడు. మా ఆవిడ అది అదను చూసుకోవడం అంటుంది.

ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి. నిద్ర, ఒంట్లో ఓపిక, ఆదివారం సెలవు, ఇవీ మీ చేతికిచ్చినవే, వీటికీ లెక్కుంది. రాత్రి పన్నెండింటిదాకా అమెరికా కాల్స్‌లో ఉండి ఆరోగ్యం పాడుచేసుకుని దాన్ని కష్టపడి పనిచెయ్యడం అనుకోకండి. ఏదెను తోటలో మనిషిని పెట్టింది సేద్యం చెయ్యడానికి, కాయడానికి. పాపం రాకముందే పని ఉంది, కాబట్టి పని శాపం కాదు. పౌలు డేరాలు కుట్టాడు, యేసును ఊళ్లోవాళ్లు వడ్లవాడనే పిలిచారు. మీ కోడింగ్ ప్రార్థన కంటే తక్కువదేమీ కాదు, శుభ్రంగా చేస్తే. మా పనిలో వెల్డింగ్ లోపల గుల్లగా ఉన్నా పైన రంగేస్తే ఎవరికీ కనపడదు. కనపడని చోట నిండుగా వెయ్యడమే నాకు తెలిసిన ఆరాధన. మీ కోడులో కూడా అలాంటి చోట్లు ఉంటాయనుకుంటాను.

బెంగళూరు విషయం తేల్చడానికి మాత్రం వాక్యం వెతక్కండి, కాగితం తీసుకోండి. అక్కడి అద్దె ఎంత, పెందుర్తి ఫ్లాట్ అద్దెకిస్తే ఈఎంఐలో ఎంత వస్తుంది, అమ్మగారు మీతో వస్తారా లేక ఇక్కడే ఉంటానంటారా, ఉంటే ఎవరు చూసుకుంటారు, దానికెంత. అన్నీ తీసేశాక ఆ 60 శాతంలో నిజంగా మిగిలేదెంతో చూడండి. మూడు నెలలు వైజాగ్ నుంచే పనిచెయ్యనిస్తారేమో కంపెనీని అడగండి. మొహమాటపడకండి, మహా అయితే కాదంటారు. మిగిలేది బాగానే ఉండి, అమ్మగారికి ఏర్పాటు కుదిరితే హాయిగా వెళ్లండి, ఎవరూ మిమ్మల్ని లోకస్థుడు అనకూడదు. కుదరకపోతే హాయిగా ఉండండి, ఎవరూ చేతకానివాడు అనకూడదు.

ఒక్క విషయం మిగిలింది. లూకా 12లో కొట్లు విప్పి పెద్దవి కట్టిస్తానన్న ధనవంతుడి మాటలు ఒకసారి గట్టిగా చదవండి. నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి, నా ప్రాణం. కథ మొత్తంలో అతను ఇంకో మనిషితో మాట్లాడడు, తనలో తాను ఆలోచించుకుంటాడు, అంతే. మీ ప్రశ్న చాలా పెద్దగా, వివరంగా రాశారు. జీతం ఉంది, లోను ఉంది, అమ్మగారున్నారు, డాలస్ ఫ్రెండ్స్ ఉన్నారు, పాస్టరుగారున్నారు. మీ ఆవిడ స్కూల్లో టీచరని ఒక్కచోట కనపడింది. ఈ ఆఫర్ గురించి ఆవిడ ఏమంటున్నారో మాత్రం ఎక్కడా లేదు. ఇవాళ రాత్రి అడిగి, అది కూడా రాయండి. మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.